నూనె కలపని పెట్రోలు

మొన్న తుపాను హెచ్చరిక ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఒక్కసారే మోగినప్పుడు నేను మా తమ్ముడి ఇంట్లో ఉన్నాను. తణుకు దగ్గర్లో, కాలవ ఒడ్డున ఉన్న మా ఊళ్లో. తమ్ముడి మనవరాలి ఓణీల ఫంక్షనుకని రాజమండ్రి నుంచి వచ్చినదాన్ని. బస్సులు ఆగిపోతాయేమో, రెండ్రోజులుండి వెళ్లక్కా అని తమ్ముడు ఆపేశాడు. మా మేనల్లుడు వీధరుగు మీద చెట్లు కోసే మిషను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనే జనరేటరు. "అత్తా, నువ్వు లెక్కల మేడమ్‌వి కదా. లీటరు పెట్రోలుకి ఎంత ఆయిలు కలపాలో చూసి చెప్పు, ఈ పుస్తకంలో అక్షరాలు చీమ తలకాయల్లా ఉన్నాయి" అన్నాడు. నాకు పుస్తకం అక్కర్లేదు. కొలత చెప్పి, వాడు పోస్తుంటే పక్కనే నిలబడ్డాను. పోశాక "కలిపావా?" అన్నాను. కాసేపటికి మళ్లీ అడిగాను. మూడోసారి అడిగేసరికి వాడు తలెత్తి "నీ ఎదురుగానే కదత్తా పోసింది, ఏమైంది నీకు?" అన్నాడు. ఏమీ లేదని లోపలికి వెళ్లిపోయాను. కలిపావా అన్న ఆ ప్రశ్నకి నిజం చెప్పకుండానే నేను అరవై దాటేశాను.

మాది కర్రల అడితీ. దుంగలు కొని, కోయించి, దూలాలుగా, వాసాలుగా, తలుపు చెక్కలుగా అమ్మే వ్యాపారం. ఇంటి వెనక పెరడు దాటితే అడితీయే. నా చిన్నతనం అంతా రంపపు పొట్టు వాసన. టేకు పొట్టుది ఒక వాసన, వేపది ఒకటి, వానకి నానిన మామిడి దుంగది మరొకటి. కళ్లు మూసుకుని ఏ దుంగ కోస్తున్నారో చెప్పగలిగేదాన్ని. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, ఆ పొట్టునే పొయ్యిలో కూరి, మధ్యలో రోకలితో కన్నం చేసి వెలిగించేది. పొట్టు పొయ్యి ఒకసారి అంటుకుంటే మధ్యాహ్నం దాకా అలా రాజుకుంటూనే ఉండేది. దాని మీద పాలు కాచినా, పప్పు ఉడికించినా అన్నిట్లోనూ కాస్త పొగ రుచి. నాన్నగారు కొలత మనిషి. చెవి మీద పెన్సిలు, జేబులో టేపు లేకుండా ఆయన్ని చూసిన గుర్తు లేదు. నూలు తేడా వచ్చినా చెక్క పక్కన పడేయించేవారు. ఇంట్లో ముగ్గురు పిల్లల్లో లెక్క తప్పనిదాన్ని నేనేనని ఆయన నమ్మకం. అందుకే అడితీలో కొలిచే పనులు కొన్ని నాకు వదిలేశారు. కాలేజీలో చేరాక కూడా ఆ పనులు నావే.

సత్తిబాబు మా మిషను మనిషి. నాన్నగారు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికీ లేని రోజుల్లో పెట్రోలుతో నడిచే రంపం మిషన్లు రెండు తెప్పించారు. వాటిని పట్టుకోవడం సత్తిబాబుకి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. అప్పటికి ముప్ఫై ఏళ్లుంటాయేమో. రోజూ పొద్దున్నే గొలుసు విప్పి, ఆకురాయితో ఒక్కొక్క పన్నూ రాసి పదును పెట్టేవాడు. రాస్తున్నంతసేపూ ఎవరు పలకరించినా జవాబు ఉండేది కాదు. అయిపోయాక గొలుసు మీద బొటనవేలు ఆనించి చూసుకుని, అప్పుడు తలెత్తి "ఆఁ, చెప్పండి" అనేవాడు. నాకంటే అంత పెద్దవాణ్ణి నేను నువ్వు అనేదాన్ని, అతను నన్ను అమ్మాయిగారూ అనేవాడు. అప్పుడది ఎవరికీ తప్పుగా తోచలేదు.

ఆ ఏడు వరి పొట్ట మీద ఉండగా తుపాను కబురొచ్చింది. కాకినాడ రేవులో పెద్ద నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రేడియోలో చెప్పగానే కాలేజీకి సెలవిచ్చేశారు. ఇల్లంతా ఒక్కసారిగా పనిలో పడింది. మా మామ్మకి తుపాను అంటే భయం కంటే హడావిడి ఎక్కువ. గాబు నిండా నీళ్లు తోడించింది. బిందెలు, గంగాళాలు, చివరికి పెళ్లిళ్లకి తీసే అండాలు కూడా నింపించింది. లాంతరు చిమ్నీలు ముగ్గుపిండితో తోమి వరసగా బోర్లించింది. అగ్గిపెట్టెలు బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. అటుకులు వేయించి, మినుముల్ని వేయించి, "నాలుగు రోజులు పొయ్యి వెలక్కపోయినా పిల్లలు ఏడవకూడదు" అంటూ సున్నుండలు చుట్టడం మొదలెట్టింది. పెరట్లో కొబ్బరి గెలలు దింపించారు. రేకుల షెడ్డు మీదకి ఇసుక బస్తాలెక్కించారు. ఆవు మెడలో పలుపు విప్పేయమని మామ్మ పదిసార్లు చెప్పింది. గాలొచ్చినప్పుడు కట్టేసి ఉంటే అది ఎటూ పోలేదు కదా అని. ఈ సందడిలో నాకు అప్పజెప్పిన పని ఒకటే, పెట్రోలు డబ్బాలు సిద్ధం చెయ్యడం.

తెల్ల డబ్బా జనరేటరుకి. దాన్లో ఉత్త పెట్రోలు పొయ్యాలి. పచ్చ డబ్బా రంపం మిషనుకి. దాన్లో పెట్రోలుతో పాటు ఆయిలు కొలిచి కలపాలి. కలపకపోతే మిషను లోపల అరిగిపోయి పట్టేస్తుందని సత్తిబాబు నాకు ఎన్నోసార్లు చెప్పాడు. పొరపాటు రాకుండా నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆయిలు కలిపితేనే పచ్చ డబ్బాకి మూత పెట్టాలి. మూత ఉందంటే కలిపినట్టు. ఆ రోజు వంటింటి వెనక వసారాలో కూర్చుని రెండు డబ్బాల్లోనూ పెట్రోలు పోశాను. ఆయిలు కొత్త డబ్బా, సీలు కూడా తియ్యలేదు. కన్నం పొడవడానికి మేకు కోసం వెతుకుతుంటే మామ్మ లోపల్నించి కేకేసింది. "పొయ్యి దగ్గర ఆ కంపేంటే! ముందు మూతలు పెట్టు. జాడీలు అటకెక్కించి, తర్వాత చూసుకుందువుగాని." నిజమే, పక్కనే పొట్టు పొయ్యి రాజుకుంటోంది. గబగబా రెండింటికీ మూతలు బిగించి జాడీల పనికి వెళ్లాను. ఊరగాయ జాడీలు, చింతపండు కుండలు, పాత పుస్తకాల మూట, ఒక్కొక్కటీ నిచ్చెన మీంచి అటక మీదకి అందిస్తూ గంటపైనే గడిపాను. కిందకి దిగేసరికి నాన్నగారు పెరట్లోంచి "అమ్మాయ్, డబ్బాలు సిద్ధమా?" అన్నారు. వసారాలోకి తొంగి చూశాను. పచ్చ డబ్బాకి మూత ఉంది. "సిద్ధం నాన్నగారూ" అన్నాను.

గాలి తెల్లవారుతూ మొదలై మధ్యాహ్నం దాకా ఊళ్లో దేన్నీ నిలబడనివ్వలేదు. మేం అందరం నడిమింట్లో, మంచాలన్నీ తలుపులకి అడ్డం పెట్టి కూర్చున్నాం. పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతున్న చప్పుడుకి మామ్మ ఏదో లెక్కపెడుతున్నట్టు తలూపుతూ ఉంది. గాలి తగ్గాక తలుపు తీస్తే వెలుగు ఎక్కువైపోయినట్టనిపించింది. చూస్తే పెరట్లో చెట్లు లేవు. అప్పుడే ఎవరో పరుగెత్తుకొచ్చి, కాలవ గట్టు మీద నిద్రగన్నేరు చెట్టు మంగతాయారు పాక మీద పడిందని, మనిషి కింద ఉండిపోయిందని చెప్పారు.

మంగతాయారు గట్టు మీద ఇడ్లీలు అమ్మేది. భర్త పోయాక కూతుర్ని పెట్టుకుని ఆ పాకలోనే ఉండేది. నేను కాలేజీ బస్సెక్కేది అక్కడే. "ఏమ్మా, తిన్నావా?" అనకుండా ఎప్పుడూ పోనిచ్చేది కాదు. తుపానుకి అందరితో పాటు కూతుర్ని తీసుకుని బడికి చేరింది కానీ, గాలి కాస్త తెరిపిచ్చినప్పుడు ఇడ్లీ పాత్రలు తెచ్చుకుందామని వెనక్కి వచ్చిందట. మోకాలి కింద నుంచి కాలు మాను కింద ఉండిపోయింది.

మా చిన్న మిషన్ని ముందు రోజే వేరే మనిషి ఆసుపత్రి రోడ్డు వైపు పట్టుకెళ్లాడు. పెద్దది ఇంట్లోనే ఉంది. నాన్నగారు దాన్నీ, జనరేటర్నీ, రెండు డబ్బాల్నీ రిక్షా బండి మీద వేయించి సత్తిబాబుని తీసుకుని పరుగెత్తారు. నేనూ వెనకే వెళ్లాను. సత్తిబాబు పెట్రోలు పోసి తాడు లాగితే మిషను ఒక్క లాగుడుకే అందుకుంది. గట్టు మీద జనం ఒక్కసారి ఊపిరి వదిలారు. రెండు పెద్ద కొమ్మలు క్షణాల్లో తెగిపడ్డాయి. మంగతాయారు ఏడవలేదు, కేకలు వెయ్యలేదు. మిషను వంకే చూస్తూ ఉంది. సత్తిబాబు మాను మీద రంపం ఆనించాడు. జానెడు లోతు దిగిందో లేదో, చప్పుడు సన్నబడి కీచుమంది. తర్వాత టక్కున ఆగింది. అతను తాడు లాగాడు. రాలేదు. కాలు పెట్టి తొక్కి లాగాడు. తాడు రాయికి కట్టినట్టు కదల్లేదు. అప్పుడు మంగతాయారు కళ్లు మూసుకుంది.

చేతి రంపాలు తెచ్చారు, గొడ్డళ్లు తెచ్చారు. తడి మాను, పట్టు దొరకదు. సత్తిబాబు అరచేతులు చిట్లి నెత్తురు కారుతున్నా ఎవరికీ రంపం ఇవ్వలేదు. ఆవిణ్ణి బయటికి తీసేసరికి పొద్దు వాలిపోతోంది. ఆసుపత్రిలో కరెంటు లేదు. మా జనరేటరు దించి, తెల్ల డబ్బాలో పెట్రోలు పోస్తే అది గొణుక్కోకుండా నడిచింది. ఆ దీపాల కిందే ఆవిడ కాలు తీసేశారు. "ఇంకో రెండు గంటలు ముందు తెచ్చుంటే ప్రయత్నం చేసేవాణ్ణండీ" అన్నారు డాక్టరు గారు నాన్నగారితో.

మర్నాడు మెకానిక్కు మిషను విప్పి చూసి, "దీన్లో ఆయిలన్నదే లేదండి. ఉత్త పెట్రోలు మీద నడిపారు" అన్నాడు. పచ్చ డబ్బా ఆ తొక్కిసలాటలో బోర్లాపడి ఖాళీ అయిపోయింది, చూద్దామన్నా ఏమీ మిగల్లేదు. నాన్నగారు నన్ను పిలిచారు. సత్తిబాబు రెండు చేతులకీ గుడ్డలు చుట్టుకుని గుమ్మం బయట నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్, పచ్చ డబ్బాలో ఆయిలు కలిపావా?"

"కలిపాను నాన్నగారూ."

ఆ మాటన్నప్పుడు అది అబద్ధం కాదు. కలిపాననే నేను అనుకుంటున్నాను. మూత ఉంది కదా.

"అయితే తెల్లది పోశావన్నమాట" అన్నారు నాన్నగారు సత్తిబాబుతో.

"పచ్చదే తీశానండి" అన్నాడతను. నాన్నగారు అతని మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. సత్తిబాబు తన చేతుల వంక చూసుకున్నాడు. "పచ్చదే తీశాననుకుంటానండి" అన్నాడు.

రేపట్నుంచి పనిలోకి రావద్దన్నారు నాన్నగారు. గట్టిగా కూడా అనలేదు.

మూడో రోజు లాంతర్లు తుడిచి గూట్లో సర్దుతుంటే వెనకాల ఆయిలు డబ్బా చేతికి తగిలింది. మామ్మ సర్దేటప్పుడు అక్కడికి తోసేసి ఉంటుంది. సీలు అలాగే ఉంది. అంటే నేను ఆయిలు కలపనే లేదు. చెప్పాలనే అనుకున్నాను. డబ్బా కొంగు కింద పెట్టుకుని వీధి గదిలోకి వెళ్లాను. నాన్నగారు ఎవరితోనో "మా అమ్మాయి కొలిచిందంటే తిరుగుండదండీ" అంటున్నారు. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. పెరటి దారిన బయటికొచ్చి, రేవులో ఎవరూ లేని సమయం చూసి, డబ్బాని కాలవలో వేసేశాను. నా తప్పు ఏదని అడిగితే ఇదే చెబుతాను. ఆయిలు మర్చిపోవడం పొరపాటు. డబ్బా పారేసింది తెలిసి చేసిన పని.

మంగతాయారు చంకకర్రతో తిరిగొచ్చి, ఊళ్లోవాళ్లు వేసిచ్చిన కొత్త పాకలో కూర్చునే ఇడ్లీలు వెయ్యడం మొదలుపెట్టింది. సత్తిబాబు రైసు మిల్లులో బస్తాలు మొయ్యడానికి చేరాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఏ మిషనూ ముట్టలేదు. రోజూ తెల్లారగానే మిల్లుకి వెళ్లే ముందు కావిడితో నీళ్లు తెచ్చి మంగతాయారు కుండలు నింపేవాడు. కట్టెలు చీల్చి పడేసేవాడు. ఒక రోజు కాదు, ఒక ఏడు కాదు. "చేసిన పాపం కడుక్కుంటున్నాడు" అనేవాళ్లు జనం, కొందరు మెచ్చుకోలుగా, కొందరు వెటకారంగా. అతని కొడుకుని బళ్లో పిల్లలు కాలు తీయించినోడి కొడుకు అని పిలిచేవారని మా తమ్ముడే చెప్పాడు. తమ్ముడూ అప్పుడు అదే బళ్లో చదివేవాడు. నేను అప్పట్నుంచి బస్సు ఆ గట్టు దగ్గర ఎక్కడం మానేసి, చుట్టు తిరిగి సెంటరు దాకా నడిచి ఎక్కేదాన్ని. కాళ్లు నొప్పెట్టలేదా అని అమ్మ అడిగితే, నడిస్తే మంచిదట అనేదాన్ని.

చెప్పకుండా ఉండడానికి కారణాలు వాటంతట అవే దొరుకుతూ ఉంటాయి. మొదట నాన్నగారి పరువు అనుకున్నాను. తర్వాత నా పెళ్లి. తర్వాత ఉద్యోగం. నాన్నగారు పోయినప్పుడు ఇంక ఎవరి పరువూ అడ్డం లేదు, అయినా కర్మలయ్యాక రాజమండ్రి వెళ్లిపోయాను. క్లాసులో ఏ పిల్లయినా తప్పు ఒప్పుకుంటే దాన్ని మెచ్చుకుంటూ అందరికీ చూపించేదాన్ని. ఏ మొహం పెట్టుకుని అలా మాట్లాడానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మంగతాయారు పోయిందని తమ్ముడు ఫోన్లో మాటల మధ్య చెప్పినప్పుడు, "అయ్యో పాపం" అని పిల్లల చదువుల గురించి అడిగాను. ఇప్పుడైతే గట్టు మీద పదిమంది ఫోన్లలో వీడియోలు తీసేవారు, ఏ చేతిలో ఏ డబ్బా ఉందో తెలిసేది. అప్పుడు మనిషి మాట ఒక్కటే ఆధారం. అందులో మా ఇంటి మాటకున్న బరువు సత్తిబాబు మాటకి లేదు. ఆ బరువు మీదే నేను ఇన్నేళ్లూ బతికాను.

ఈసారి తుపాను మా వైపు రాకుండా మళ్లిపోయింది. నాలుగు చినుకులు రాల్చి పోయింది. బస్సులు తిరుగుతున్నాయని తెలిశాక నేను సంచి సర్దుకోకుండా, సత్తిబాబు ఎక్కడుంటాడని తమ్ముణ్ణి అడిగాను. రేవు వీధి చివర రెండు గదుల డాబా. అతను గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"ఎవరండీ?" అన్నాడు కళ్లు చికిలించి.

"నేనండీ, అడితీ వాళ్ల అమ్మాయిని."

"అమ్మాయిగారా! రండి, కూర్చోండి."

కూర్చుంటే చెప్పలేనేమోనని నిలబడే చెప్పేశాను. మూత దగ్గర్నుంచి కాలవ దాకా. మీరు అనే పిలుపు దానంతట అదే నోటికొచ్చింది. అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"అంటే నేను పచ్చ డబ్బాయే తీశానన్నమాట" అన్నాడు చివరికి.

"పచ్చదే తీశారు."

"పచ్చదే." తనలో తను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత లోపలికి తిరిగి, "లక్ష్మీ, ఓసారిట్రా. నేను కాదంట" అని పిలిచాడు.

అతని భార్య తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏది కాదంట?"

"మంగమ్మ కాలు."

ఆవిడ నా వంక చూసింది. అతను రెండు ముక్కల్లో చెప్పాడు. విని, "ఆవిడికి చెప్పారాండి?" అంది.

"లేదమ్మా. ఆవిడుండగా చెప్పలేకపోయాను."

"మరి ఇప్పుడెందుకండీ?"

సత్తిబాబు చెయ్యెత్తి ఆవిణ్ణి ఆగమన్నాడు. "ఆదివారం మావోడు వస్తాడండి. ఇదే మాట వాడి ముందు చెప్తారా?"

"చెప్తాను" అన్నాను.

ఆదివారం వెళ్లేసరికి వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. కొడుకు, కోడలు, అడితీలో పనిచేసిన ముసలాళ్లు ఇద్దరు, చుట్టుపక్కల వాళ్లు కొందరు. చివర కుర్చీలో యాభై దాటిన ఒకావిడ కూర్చుని ఉంది. బస్టాండు దగ్గర టిఫిన్ సెంటరు నడుపుతుందట. మంగతాయారు కూతురు రాణి. సత్తిబాబు తనే వెళ్లి పిలుచుకొచ్చాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో రెండుసార్లు ఆగాను, ఎవరూ తొందరపెట్టలేదు. కొడుకు తల వంచుకుని నేల చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక రాణి నన్నేమీ అడగలేదు. "మొదటి ఏడంతా బాబాయి తెచ్చిన నీళ్లు మా అమ్మ ఆయన ఎదురుగానే పారబోసేదండి" అంది, ఎవరి వంకా చూడకుండా. "ఆయన మళ్లీ వెళ్లి ఇంకో కావిడి తెచ్చేవాడు."

సత్తిబాబు కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాడు.

"అమ్మాయిగారూ," అన్నాడు, "మొదట్నుంచీ ఇంకోసారి చెప్పండి."

చెప్పాను.